బెత్తెడు అవతల

పొద్దున్న నాలుగున్నరకి,
సముద్రం ఇంకా గొంతు సవరించుకోకముందే,
గుంత తవ్వడం నా ఉద్యోగం.
నాలుగుంబావు అంగుళాల వెడల్పు, అంతే.
రోజూ గ్రీన్ మీద ఒక కొత్తచోట తవ్వుతాను,
తీసిన మట్టిముద్దని గడ్డితో సహా పట్టుకెళ్ళి
నిన్నటి గుంత పూడుస్తాను.
మా నాన్న చేసిందీ ఇదే.
ఇన్వర్‌కారల్‌లో ఏ గుంతా
రెండో రాత్రి చూడదు.

మంగళవారం లాక్లన్ గెమ్మెల్ పోయాడు.
శుక్రవారానికి ఊరు నిండిపోయింది.
డండీ నుంచి ఒకావిడ ఆయన పేరు పెట్టుకున్న కుక్కతో వచ్చింది.
చర్చి మెట్ల దగ్గర "లాకీ, ఇటు రా" అని కేకేస్తే
నల్లకోట్లవాళ్ళంతా ఒక్కసారి తలతిప్పారు.
కుక్క మాత్రం రాలేదు.

ఫెనెల్లా కొట్టు గోడమీద
ఆయన బాకీపడ్డ రెండు పొగచేపలు
ఇప్పటికీ సుద్దగీతలుగా ఉన్నాయి.
గ్లాస్గో నుంచొచ్చిన అభిమాని ఎవరో తీర్చబోతే
"అది నా ఆస్తి, ముట్టుకోకు" అని కసిరింది.

మూడుసార్లు కప్పు గెలిచాడు.
ఆ మాట ఎవరూ ఎత్తలేదు.
రాత్రి మద్యం దుకాణంలో
అందరూ ఓడిన రోజు గురించే.
నలభైఒక్కేళ్ళ కిందట, పద్దెనిమిదో గ్రీన్.
అందరూ అక్కడే ఉన్నామంటారు.
అంతమందీ నిజంగా ఉండుంటే
ఆ బరువుకి తీరం ఎప్పుడో కుంగిపోయేది.
అప్పటికి పుట్టనివాడు కూడా
గాలి ఎటు వీచిందో వేలెత్తి చూపిస్తాడు.

మూరెడు దూరం.
మా అమ్మ వంటగరిటెతో కొట్టినా పడేది.
బంతి అంచు చుట్టూ తిరిగింది,
లోపలికి తొంగిచూసింది,
ఇల్లు నచ్చని అద్దెమనిషిలా
బెత్తెడు అవతలికి పోయి ఆగింది.
చేతికందింది నోటికందలేదు.

మర్నాడు పేపర్లు గడ్డిని తిట్టాయి.
కమిటీ మా నాన్నని పిలిచింది.
నాకు పదకొండేళ్ళు, తలుపు సందులోంచి చూస్తున్నాను.
నాన్న టోపీని రెండు చేతులా నలుపుతున్నాడు,
అదేదో ఆరేయాల్సిన బట్టయినట్టు.
అప్పుడొచ్చాడు గెమ్మెల్,
మేకుల బూట్లు విప్పకుండా
వాళ్ళ ఎర్రతివాచీ మీదకి, ఇసుక రాలుస్తూ.
"గడ్డి చక్కగా ఉంది. చెయ్యి వణికింది.
కావాలంటే దీన్ని తీసెయ్యండి పనిలోంచి"
అని కుడిచెయ్యి బల్లమీద పెట్టాడు.
ఎవరూ ఆ చేతివైపు చూడలేకపోయారు.

ఆ రాత్రి నాన్న లాంతరు పట్టుకుని
బంతి ఆగినచోట గడ్డి కింద
ఒక రాగినాణెం దాచాడు.
ఎందుకు నాన్నా అంటే
"ఊరికే" అన్నాడు.
బతికినన్నాళ్ళూ ఆ చోట గుంత తవ్వలేదు.
నేనూ తవ్వలేదు, ఇవాళ్టిదాకా.

ఇవాళ తవ్వాను.
ముద్ద పైకి లాగితే
పసరు పట్టిన నాణెం, కళ్ళు తెరవని పిల్లిపిల్లలా,
మట్టిలో ముడుచుకుని ఉంది.
జెండా పాతాను.
ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదింటికి వరసకట్టారు,
ఆయన నిలబడ్డచోట నిలబడి తలా ఒక బంతి కొట్టడానికి.
నర్సులు, చేపలవాళ్ళు, ఒక బ్యాంకు మేనేజరు,
నాన్న భుజాలమీంచి దిగనని మారాం చేసే పిల్లాడు.
కొందరివి పడ్డాయి. చాలామందివి పడలేదు.
తప్పినవాళ్ళే ఎక్కువ సంతోషంగా వెళ్ళారు.

చివర్లో ఈవన్ టుల్లక్,
ఆయన సంచి ముప్పైయేళ్ళు మోసిన క్యాడీ.
ఎనభై దాటాయి, మోకాళ్ళు మాట వినవు.
గుంతని చూశాడు. గడియారపు గోపురాన్ని చూశాడు.
కర్రతో దూరం కొలిచాడు, మళ్ళీ కొలిచాడు.
తర్వాత నన్ను చూశాడు,
చాలాసేపు.

కొట్టలేదు.
నా భుజం ఆసరాగా వంగి
బంతిని చేత్తో జారవిడిచాడు.
ఆ చప్పుడు మీకెలా చెప్పను?
పాతింట్లో ఎవరో లోపలివైపు నుంచి
గడియ వేసుకున్నట్టు.

రేపు పొద్దున్న ఈ గుంతా పూడ్చాలి.
నాణెం జేబులో ఉంది.
నడుస్తుంటే తాళంచెవులకి తగులుతోంది.
ఎక్కడ పెట్టాలో
ఇంకా తేల్చుకోలేదు.